22 ఏళ్లకే ఆగిపోయిన గోల్‌కీపర్: సెల్టిక్ జాన్ థామ్సన్ పేరు విన్నారా?

కిర్కాడీ కారం
శనివారం, రాత్రి 9:10

నమస్తే అందరికీ. ఇక్కడ చదివి వెళ్లిపోవడమే తప్ప రాయడం నాకు అలవాటు లేదు. పోయిన నెల "కొద్దికాలమే ఆడి గుర్తుండిపోయినవాళ్లు" అని ఓ చర్చ నడిచింది కదా, అందులో దాదాపు అన్నీ క్రికెటర్ల పేర్లే. అప్పుడే ఈ పేరు రాద్దామనుకున్నా, నైట్ డ్యూటీల వల్ల కుదరలేదు.

నాది ఖమ్మం. స్కాట్లాండ్‌లో ఫైఫ్ అనే ప్రాంతంలో నర్సుగా పనిచేస్తున్నా. ఉండే ఊరి పేరు కిర్కాల్డీ అని రాస్తారు. ఇక్కడివాళ్లు 'ల్' మింగేసి కిర్కాడీ అంటారు. 1909 జనవరి 28న జాన్ థామ్సన్ పుట్టింది ఈ ఊళ్లోనే. పెరిగింది మాత్రం దగ్గర్లో ఉన్న కార్డెండెన్ అనే బొగ్గు గనుల ఊళ్లో. 14 ఏళ్లకు గనిలో దిగాడు. 17 ఏళ్లకు గ్లాస్గో సెల్టిక్ క్లబ్బు అతణ్ని తీసుకుంది. 18 ఏళ్లకు మొదటి మ్యాచ్, 21 ఏళ్లకు స్కాట్లాండ్ జట్టు. 22 ఏళ్లకు, 1931 సెప్టెంబర్ 5న, రేంజర్స్‌తో మ్యాచ్ మధ్యలో తలకు దెబ్బ తగిలి ఆ రాత్రే చనిపోయాడు.

అంటే మొత్తం కెరీర్ నాలుగున్నర ఏళ్లు. మొన్న సెలవు రోజున కార్డెండెన్ వెళ్లి బౌహిల్ శ్మశానంలో అతని సమాధి చూసొచ్చాను. అప్పట్నుంచీ మనసులో మెదులుతోంది. ఎవరికైనా ఇంకా వివరాలు తెలిస్తే రాయండి.

బెజవాడ బ్యాక్‌హీల్
శనివారం, రాత్రి 9:31

అక్కా, మొదటి పోస్టే ఇలా పెట్టారా, స్వాగతం. నాకైతే ఈ పేరు అసలు తెలీదు. సెల్టిక్, రేంజర్స్ అంటే తెలుసు, ఎప్పుడూ కొట్టుకుంటారు కదా. మరి అవతలివాడు కావాలనే గుద్దాడా?

కిర్కాడీ కారం
శనివారం, రాత్రి 9:44

కావాలని కాదు తమ్ముడూ. నేను తెలుసుకున్నంతలో కాదనే నా నమ్మకం. అది పెద్ద కథ, దానికి విడిగా రాస్తా.

సింగరేణి బిడ్డ
శనివారం, రాత్రి 10:05

అక్కా, 14 ఏళ్లకు గనిలో ఏం పని చేసేవాడో తెలుసా? మాది గోదావరిఖని. మా నాన్న బాయిల పనిచేసి రిటైర్ అయిండు. అందుకే అడుగుతున్నా.

పాత స్కోర్‌బుక్
శనివారం, రాత్రి 10:52

నేను చెప్తాను. రిటైరయ్యాక నాకున్న వ్యసనం పాత ఫుట్‌బాల్ చరిత్ర ఒక్కటే.

థామ్సన్ బౌహిల్ గనిలో తండ్రితో పాటు దిగేవాడు. దాదాపు 300 గజాల లోతున, బొగ్గు తొట్లను లాగే గొలుసు నుంచి వాటి క్లిప్పులు ఊడదీసే పని. ఆట మాత్రం బడి రోజుల్నుంచీ ఉంది. బౌహిల్ రోవర్స్, బౌహిల్ వెస్ట్ ఎండ్ అనే చిన్న జట్లకు ఆడి వెల్స్‌లీ జూనియర్స్‌కు వెళ్లాడు. 1926లో స్టీవ్ కాలహన్ అనే సెల్టిక్ స్కౌట్ (క్లబ్బు కోసం కొత్త ఆటగాళ్లను వెతికేవాడు) ఆ జట్టు మ్యాచ్‌కు వచ్చాడు. తమాషా ఏమిటంటే ఆయన చూడ్డానికి వచ్చింది ఇతణ్ని కాదు, డెన్‌బీత్ స్టార్ అనే అవతలి జట్టు గోల్‌కీపర్‌ను. పెళ్లికూతుర్ని చూడ్డానికి వెళ్లి పక్కింటి అమ్మాయిని ఖాయం చేసుకొచ్చినట్టు, థామ్సన్‌ను రాయించుకుని వెళ్లాడు. అందుకైన ఖర్చు 10 పౌండ్లు.

ఆ ఏడాది సంగతి కూడా గుర్తుపెట్టుకోండి. 1926 మే నెలలో బ్రిటన్‌లో సార్వత్రిక సమ్మె జరిగింది. అది తొమ్మిది రోజుల్లో ముగిసింది కానీ గని కార్మికులు మాత్రం నవంబర్ దాకా పనిలేకుండా బయటే ఉండిపోయారు. థామ్సన్ సెల్టిక్‌కు సంతకం చేసింది సరిగ్గా ఆ నవంబర్‌లోనే. ఆ ఇంట్లో పరిస్థితి ఎలా ఉండి ఉంటుందో గోదావరిఖని వాళ్లకు నేను చెప్పనక్కర్లేదు.

సింగరేణి బిడ్డ
శనివారం, రాత్రి 11:15

అర్థమైంది సార్. తొట్లంటే మా దగ్గర టబ్బులు. ఆ గొలుసు పక్కన పనిచేసేటోడికి చెయ్యి, చూపు రెండూ చురుగ్గా లేకపోతే వేళ్లు పోతయి. సమ్మె నెలల్ల కిరాణా కొట్టు ఖాతా ఎట్ల పెరుగుతదో నేను చిన్నప్పుడు చూసిన.

ఆఫ్‌సైడ్ ఆనంద్
ఆదివారం, ఉదయం 7:20

గ్లాస్గోలో ఎంఎస్ చేస్తున్నా, నా రూమ్మేట్ పక్కా సెల్టిక్ అభిమాని. వాడి పుణ్యమా అని నాకు ఇదంతా నోటికొచ్చు. ఒక్క మాట అడుగుతా, ఎవరూ ఏమీ అనుకోకండి. 22 ఏళ్లకు పోయాడు కాబట్టి దేవుణ్ని చేశారేమో? నిజంగా అంత గొప్ప కీపరా? అతను ఉన్న కాలంలో సెల్టిక్ ఒక్కసారి కూడా లీగ్ గెలవలేదు. 1927 నుంచి 1931 దాకా వరసగా ఐదుసార్లు రేంజర్సే గెలిచింది.

పాత స్కోర్‌బుక్
ఆదివారం, ఉదయం 10:40

మంచి ప్రశ్న. కోపమెందుకు? లీగ్ గెలవలేదన్నది నిజమే. కానీ ఆ లెక్క కీపర్ ఒక్కడి మీద రాస్తే ఎలా?

ఆట సంగతి చూద్దాం. మొదటి మ్యాచ్ 1927 ఫిబ్రవరి 12న డండీలో, డెన్స్ పార్క్ మైదానంలో. సెల్టిక్ 2-1తో గెలిచింది. అప్పటిదాకా కీపర్‌గా ఉన్న పీటర్ షెవ్లిన్‌ను పక్కనపెట్టి 18 నిండిన కుర్రాణ్ని దించారు. దించినవాడు మేనేజర్ విల్లీ మేలీ, మాటకు తిరుగులేని మనిషి. షెవ్లిన్‌కు ఆ చోటు మళ్లీ దక్కలేదు. రెండు నెలలు తిరక్కుండానే ఏప్రిల్ 16న స్కాటిష్ కప్ ఫైనల్. అవతల ఎవరనుకున్నారు? ఈస్ట్ ఫైఫ్. సొంత ప్రాంతం జట్టు, అందులోనూ రెండో డివిజన్ జట్టు. మొదటి గోల్ కొట్టింది వాళ్లే. చివరికి సెల్టిక్ 3-1తో గెలిచింది. గని వదిలిన ఆరు నెలల్లోపే చేతిలో కప్పు.

తర్వాతి ఏడాది ఫైనల్లో కథ తిరగబడింది. 1928 ఏప్రిల్‌లో రేంజర్స్ చేతిలో 4-0. రేంజర్స్ ఆ కప్పు గెలిచి అప్పటికి 25 ఏళ్లయింది. మొదటి గోల్ పెనాల్టీ. కొట్టింది డేవీ మికిల్‌జాన్. ఈ పేరు మర్చిపోకండి, మళ్లీ వస్తుంది.

1931 ఫైనల్ మదర్‌వెల్‌తో. ఇంకో ఎనిమిది నిమిషాలుందనగా సెల్టిక్ 0-2తో వెనకబడి ఉంది. జిమ్మీ మెక్‌గ్రోరీ ఒకటి కొట్టాడు. ఆఖరి క్షణంలో మదర్‌వెల్ డిఫెండర్ అలన్ క్రెయిగ్ బంతిని తలతో తన గోల్‌లోకే కొట్టుకున్నాడు. 2-2తో సమం కావడంతో మ్యాచ్ మళ్లీ ఆడించారు, ఆ రీప్లేలో సెల్టిక్ 4-2తో గెలిచింది. ఇది థామ్సన్ రెండో కప్పు.

లీగ్, స్కాటిష్ కప్ కలిపి సెల్టిక్‌కు 188 మ్యాచ్‌లు ఆడాడు. అందులో 64 మ్యాచ్‌లలో ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు.

స్కాట్లాండ్‌కు ఆడినవి నాలుగే. పారిస్‌లో ఫ్రాన్స్ మీద 2-0, వేల్స్‌తో 1-1, బెల్‌ఫాస్ట్‌లో 0-0, ఇక 1931 మార్చి 28న హాంప్డెన్ పార్క్‌లో ఇంగ్లండ్ మీద 2-0. నాలుగింటిలో కలిపి ఇచ్చింది ఒక్క గోల్. ఆ ఇంగ్లండ్ మ్యాచ్‌కు వచ్చిన జనం 1,29,810 మంది. అంతమంది ముందు గోల్ ఇవ్వకుండా నిలబడ్డ కుర్రాడికి అప్పుడు 22 ఏళ్లు. గొప్పవాడా కాదా మీరే చెప్పండి.

ఆఫ్‌సైడ్ ఆనంద్
ఆదివారం, ఉదయం 11:02

సరే సార్, వాపసు తీసుకుంటున్నా. 188కి 64 అంటే మూడింట ఒకటి కంటే ఎక్కువే. ఇప్పటి పెద్ద క్లబ్బుల కీపర్లకైనా అది చెప్పుకోదగ్గ లెక్కే.

లాల్‌బహదూర్ గ్యాలరీ
ఆదివారం, మధ్యాహ్నం 12:15

మనిషి ఎలా ఉండేవాడు? మా హైదరాబాద్ పీటర్ తంగరాజ్‌ను చూసినవాళ్లు చెప్పేవారు, గోల్ ముందు నిలబడితే గోడ కట్టినట్టుండేదని. ఆరడుగులు దాటిన మనిషి. ఇతనూ అంతేనా?

పాత స్కోర్‌బుక్
ఆదివారం, మధ్యాహ్నం 12:48

కాదు కాదు. థామ్సన్ మధ్యరకం ఎత్తు, సన్నటి ఒళ్లు. బలమంతా ఎగరడంలో, దూకడంలో ఉండేది. ఫార్వర్డ్ బంతితో దూసుకొస్తుంటే కాళ్ల మధ్యకు తలతో సహా దూకేసేవాడు. చూసేవాళ్లకు ఒళ్లు గగుర్పొడిచేదట.

దాని ఫలితం ముందే ఒకసారి అనుభవించాడు కూడా. 1930 ఫిబ్రవరిలో ఎయిర్‌డ్రీ జట్టుతో మ్యాచ్‌లో ఇలాగే దూకి దవడ విరిగింది, పక్కటెముకలు విరిగాయి, పళ్లు ఊడాయి, మెడ కింది ఎముక కూడా దెబ్బతింది. ఇంట్లో అమ్మ ఇక ఆడొద్దంది. వింటాడా? కోలుకుని మే నెలలో పారిస్ వెళ్లి స్కాట్లాండ్‌కు మొదటి మ్యాచ్ ఆడేశాడు.

బెజవాడ బ్యాక్‌హీల్
ఆదివారం, మధ్యాహ్నం 1:05

మూడు నెలల్లోనా!! నాకు మొన్న చిటికెన వేలు బెణికితే నెల రోజులు టర్ఫ్ వైపే వెళ్లలేదు.

సింగరేణి బిడ్డ
ఆదివారం, మధ్యాహ్నం 1:22

అమ్మ చెప్పిన మాట వినాల్సిందేమో. కానీ ఆట మానేస్తే మిగిలింది మళ్లీ ఆ గనే కదా అన్నా.

కిర్కాడీ కారం
ఆదివారం, రాత్రి 8:30

డ్యూటీ నుంచి ఇప్పుడే వచ్చా. ఇన్ని వివరాలు వస్తాయనుకోలేదు, మాస్టారికి దండాలు. ఆ రోజు సంగతి నేను రాస్తానన్నాను కదా, రాస్తున్నా. కొంచెం పెద్దదవుతుంది.

1931 సెప్టెంబర్ 5, శనివారం. గ్లాస్గోలో రేంజర్స్ సొంత మైదానం ఐబ్రాక్స్. దాదాపు 80,000 జనం. మొదటి సగంలో గోల్ లేదు. రెండో సగం మొదలై ఐదు నిమిషాలైంది. రేంజర్స్ ఫార్వర్డ్ శామ్ ఇంగ్లిష్ బంతితో గోల్ వైపు దూసుకొచ్చాడు. థామ్సన్ ఎప్పటిలాగే ముందుకొచ్చి అతని కాళ్ల మీదకు దూకాడు. తల వెళ్లి ఇంగ్లిష్ మోకాలికి తగిలింది. బంతి గోల్ పక్కనుంచి బయటికి పోయింది. ఇద్దరూ పడిపోయారు. ఇంగ్లిష్ కుంటుకుంటూ లేచాడు. థామ్సన్ లేవలేదు. డాక్టర్లను రమ్మని మొదట చేతులూపింది ఇంగ్లిషే.

గోల్ వెనక ఉన్నది రేంజర్స్ జనం. ఏం జరిగిందో తెలియక గోల చేశారు, వెక్కిరించారు. అప్పుడు రేంజర్స్ కెప్టెన్ వాళ్ల వైపు పరిగెత్తి రెండు చేతులూ పైకెత్తి ఊరుకోమన్నాడు. మాస్టారు గుర్తుపెట్టుకోమన్న పేరు ఇదే, డేవీ మికిల్‌జాన్. మూడేళ్ల కిందట పెనాల్టీతో థామ్సన్‌ను ఓడించినవాడు. స్టాండ్ మొత్తం నిశ్శబ్దమైపోయిందట. తలకు కట్టు కట్టి స్ట్రెచర్ మీద తీసుకెళ్లారు. థామ్సన్ పెళ్లాడాలనుకున్న అమ్మాయి అప్పుడు స్టాండ్‌లోనే ఉంది.

ఆ రోజుల్లో సబ్‌స్టిట్యూట్లు లేరు. చిక్ గీటన్స్ అనే హాఫ్‌బ్యాక్ గోల్‌లో నిలబడ్డాడు, సెల్టిక్ పది మందితో ఆడింది. మ్యాచ్ 0-0.

నర్సును కాబట్టి నాకు అర్థమైంది చెప్తా. పుర్రె కుడివైపు ఎముక పగిలి లోపలికి నొక్కుకుపోయింది. ఇలాంటప్పుడు ఎముక విరగడం కంటే లోపల మెదడు వాచి ఒత్తిడి పెరగడమే ఎక్కువ ప్రమాదం. విక్టోరియా ఇన్‌ఫర్మరీకి తీసుకెళ్లారు. సాయంత్రం 5 గంటలకు పెద్ద ఫిట్స్ వచ్చింది. ఆ ఒత్తిడి తగ్గించడానికి డాక్టర్లు అత్యవసరంగా ఆపరేషన్ చేశారు. అప్పటికి సీటీ స్కాన్ అన్న మాటే లేదు, లోపల ఏం జరుగుతోందో చూసే దారి లేదు. వాళ్లు చేయగలిగిందంతా చేశారు. అమ్మానాన్నలు ఫైఫ్ నుంచి వచ్చేసరికి ఆఖరి ఘడియలు. రాత్రి 9:25కి పోయాడు.

బెజవాడ బ్యాక్‌హీల్
ఆదివారం, రాత్రి 8:52

అక్కా, ఇది చదువుతుంటే పీటర్ చెక్ గుర్తొచ్చాడు. 2006 అక్టోబర్, రెడింగ్ మీద చెల్సీ మ్యాచ్. అచ్చం ఇలాగే బంతి కోసం దూకితే మోకాలు తలకు తగిలింది, పుర్రె విరిగింది. మూడు నెలల్లో తిరిగొచ్చాడు. అప్పట్నుంచి రిటైరయ్యేదాకా ఆ మెత్తటి టోపీ పెట్టుకునే ఆడాడు.

కిర్కాడీ కారం
ఆదివారం, రాత్రి 8:58

అవును తమ్ముడూ, దాదాపు అదే దెబ్బ. మధ్యలో 75 ఏళ్లు.

లాల్‌బహదూర్ గ్యాలరీ
ఆదివారం, రాత్రి 9:15

మనవాళ్లకు క్రికెటర్ రమణ్ లాంబా గుర్తున్నాడా? 1998, ఢాకా. హెల్మెట్ లేకుండా షార్ట్ లెగ్‌లో నిలబడ్డాడు. బంతి తలకు తగిలాక అతను లేచి నడిచాడు కూడా, తర్వాత కోమాలోకి వెళ్లిపోయాడు.

ఒక సందేహం. ఐబ్రాక్స్‌లో పెద్ద ప్రమాదం జరిగిందని విన్నాను, చాలామంది పోయారు. అది ఇదేనా?

పాత స్కోర్‌బుక్
ఆదివారం, రాత్రి 9:40

కాదు, అవి వేరు. ఐబ్రాక్స్‌లో 1902లో స్టాండ్ చెక్కలు కూలి 25 మంది పోయారు. 1971లో మెట్ల మీద తొక్కిసలాటలో 66 మంది. థామ్సన్ సంగతి వాటికి సంబంధం లేనిది.

ఆఫ్‌సైడ్ ఆనంద్
ఆదివారం, రాత్రి 10:10

ఇక్కడ నా రూమ్మేట్ వాదన ఒకటి పెట్టాలి. శామ్ ఇంగ్లిష్ కాలు వెనక్కి తీసుకునే వీలుంది, తీసుకోలేదు అంటాడు వాడు. సెల్టిక్ మేనేజర్‌కే అనుమానం ఉండేదట కదా. పైగా సెల్టిక్ అంటే క్యాథలిక్కులు, రేంజర్స్ అంటే ప్రొటెస్టెంట్లు. ఆ ద్వేషం మైదానంలో లేకుండా ఉంటుందా?

కిర్కాడీ కారం
ఆదివారం, రాత్రి 10:38

ఆనంద్, ఈ మాట కోసమే ఎదురుచూస్తున్నా. మీ రూమ్మేట్‌ను ఒకటి అడగండి. జాన్ థామ్సన్ ఏ మతం?

ఆఫ్‌సైడ్ ఆనంద్
ఆదివారం, రాత్రి 10:55

అడిగా. నవ్వి ఊరుకున్నాడు. ప్రొటెస్టెంటా?

పాత స్కోర్‌బుక్
ఆదివారం, రాత్రి 11:30

ప్రొటెస్టెంటే. ఇక్కడ కొంచెం నేపథ్యం ఉండాలి, లేకపోతే అంతా కలగాపులగం అవుతుంది.

గ్లాస్గో తూర్పు పేటల్లో ఐర్లండ్ నుంచి వలస వచ్చిన పేద క్యాథలిక్కుల కడుపు నింపడానికి డబ్బు కావాలని బ్రదర్ వాల్‌ఫ్రిడ్ అనే మతగురువు 1887లో పెట్టిన క్లబ్బు సెల్టిక్. కానీ ఆటగాళ్ల మతం చూసేది కాదు, మొదట్నుంచీ ప్రొటెస్టెంట్లు ఆడారు. రేంజర్స్ పక్షాన మాత్రం క్యాథలిక్కును తీసుకోకపోవడం రాయని రూలుగా చాలాకాలం నడిచింది. 1989లో మో జాన్‌స్టన్‌ను తీసుకున్నప్పుడు ఊరంతా అట్టుడికిపోయింది.

ఇప్పుడు ఆ రోజు మైదానంలో చూడండి. చనిపోయిన సెల్టిక్ కీపర్ ప్రొటెస్టెంట్. జనాన్ని ఊరుకోబెట్టింది రేంజర్స్ కెప్టెన్. కింద పడ్డ థామ్సన్‌ను పరీక్షించిన డాక్టర్ విల్లీ కివ్లికన్ క్యాథలిక్. కుర్రతనంలో ఆయన మొదట రేంజర్స్‌కు ఆడి, తర్వాత సెల్టిక్‌కు ఆడినవాడు. గ్లాస్గోలో జరిగిన స్మారక ప్రార్థనలో బైబిల్ పాఠం చదివింది ఎవరో తెలుసా? మళ్లీ మికిల్‌జానే. ద్వేషం గ్యాలరీల్లో ఉంది, కాదనను. మైదానంలో ఉన్న మనుషుల లెక్క మాత్రం అలా కుదరదు.

బెజవాడ బ్యాక్‌హీల్
ఆదివారం, రాత్రి 11:41

ఇంగ్లిష్ అనే ఇంటిపేరు. ఆడేది స్కాట్లాండ్ క్లబ్బుకి. మరి మనిషిది ఏ ఊరు?

పాత స్కోర్‌బుక్
ఆదివారం, రాత్రి 11:50

ఉత్తర ఐర్లండ్ :)

కిర్కాడీ కారం
సోమవారం, ఉదయం 6:15

నిద్ర పట్టలేదు, డ్యూటీకి ముందు ఇది రాసేస్తా. నా ఉద్దేశంలో ఈ కథలో ఎవరూ సరిగా చెప్పని సగం శామ్ ఇంగ్లిష్‌ది.

విచారణ జరిగింది. అనుకోకుండా జరిగిన ప్రమాదం అని తేలింది. థామ్సన్ కుటుంబం కూడా ఎప్పుడూ ఇంగ్లిష్‌ను తప్పుపట్టలేదు. కానీ ఆ విచారణలో సెల్టిక్ మేనేజర్ విల్లీ మేలీని అడిగితే ఆయనన్న మాట, అది ప్రమాదమేనని ఆశిస్తున్నాను, అభిప్రాయం చెప్పేంతగా నేను చూడలేదు అని. చూడలేదంటే చూడలేదని ఊరుకోవచ్చు కదా! ఆ "ఆశిస్తున్నాను" అన్న ఒక్క మాట ఇంగ్లిష్ మెడకు జీవితాంతం చుట్టుకుంది. మేలీ గొప్ప మేనేజరే కావచ్చు, ఈ విషయంలో మాత్రం నేను క్షమించలేను.

ఆ సీజన్‌లో ఇంగ్లిష్ కొట్టిన లీగ్ గోల్స్ 44. ఒక సీజన్‌లో రేంజర్స్ ఆటగాడెవరూ దాన్ని ఇప్పటికీ దాటలేదు. ఏ మైదానానికి వెళ్లినా హంతకుడా అని అరుపులు వినిపిస్తుంటే కొట్టిన 44 గోల్స్ అవి! 1932 వేసవిలో లివర్‌పూల్‌కు వెళ్లిపోయాడు. ఇంగ్లండ్‌లోనూ ఆ అరుపులు ఆగలేదు. తర్వాత క్వీన్ ఆఫ్ ది సౌత్, ఆపైన హార్టిల్‌పూల్స్. 1938లో ఆట వదిలేశాడు. ఆ ప్రమాదం తర్వాత ఆడిన ఏడేళ్లలోనూ సంతోషమన్నది లేదని తనే చెప్పుకున్నాడు. 1967లో మోటార్ న్యూరాన్ జబ్బుతో పోయాడు.

అందుకే కెరీర్ ఎంతకాలం అని లెక్క వేస్తుంటే నాకు ఒకటి కాదు, రెండు కనిపిస్తున్నాయి.

సింగరేణి బిడ్డ
సోమవారం, ఉదయం 7:02

అక్కా ఇది చదివి కాసేపు ఫోన్ పక్కన పెట్టిన.

ఆఫ్‌సైడ్ ఆనంద్
సోమవారం, ఉదయం 8:45

మా వాడికి ఇది ఇంగ్లిష్‌లో చెప్పా (భాష గురించి అంటున్నా). చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత అన్నాడు, వాళ్ల తాత కూడా ఆ మోకాలి గురించే చెప్పేవాడట గానీ 44 గోల్స్ గురించి ఎప్పుడూ చెప్పలేదని.

రేంజర్స్ వాళ్లు 2009 నుంచి తమ క్లబ్బులో లీగ్ గోల్స్ ఎక్కువ కొట్టినవాడికి శామ్ ఇంగ్లిష్ బౌల్ అని ఇస్తున్నారు. ఇది నేను చెప్పిందే, వాడు కాదు.

లాల్‌బహదూర్ గ్యాలరీ
సోమవారం, మధ్యాహ్నం 2:20

థామ్సన్ పోయాక కీపర్లను కాపాడే రూలేమైనా వచ్చిందా?

పాత స్కోర్‌బుక్
సోమవారం, మధ్యాహ్నం 3:05

వెంటనే రాలేదు. దానికి ఇంకో కుర్రాడి ప్రాణం పోవాల్సివచ్చింది. 1936 ఫిబ్రవరి 1న సండర్లాండ్ కీపర్ జిమ్మీ థార్ప్, చెల్సీతో మ్యాచ్. బంతి చేతుల్లో ఉండగానే తలమీద, ఛాతీమీద తన్నులు పడ్డాయి. మ్యాచ్ పూర్తి చేసి ఇంటికెళ్లాడు. షుగర్ ఉన్న మనిషి. నాలుగు రోజులకు పోయాడు. వయసు 22, థామ్సన్ వయసే. ఆ తర్వాతే కీపర్ చేతుల్లో బంతి ఉన్నప్పుడు ఫార్వర్డ్ కాలెత్తకూడదన్న నిబంధన వచ్చింది. భుజంతో తోసే పద్ధతి మాత్రం ఇంకా చాలాకాలం సాగింది. ఇప్పుడు కీపర్‌ను తాకితే చాలు విజిల్ వేస్తున్నారని విసుక్కునేవాళ్లకు ఇది చూపించాలి.

థామ్సన్ చోటులోకి వచ్చినవాడి సంగతి కూడా రాసేస్తా. 1931 వేసవిలో సెల్టిక్ అమెరికా, కెనడా పర్యటనకు వెళ్లింది. అక్కడ ఫాల్ రివర్ అనే జట్టు వాళ్లను 1-0తో ఓడించింది. ఆ జట్టు గోల్‌లో ఉన్నది జో కెన్నవే, మాంట్రియల్ కుర్రాడు. సెల్టిక్‌కు ఒక్క గోల్ కూడా ఇవ్వలేదు. సెప్టెంబర్‌లో థామ్సన్ పోయాక మేలీకి ఆ కీపర్ గుర్తొచ్చాడు, కబురుపెట్టి పిలిపించాడు. 1939 దాకా సెల్టిక్ గోల్‌లో నిలబడింది అతనే.

లాల్‌బహదూర్ గ్యాలరీ
సోమవారం, మధ్యాహ్నం 3:40

మేలీ అనగానే నాకో పేరు తగిలింది. 1936లో కలకత్తా నుంచి మహమ్మద్ సలీం వెళ్లి సెల్టిక్ రిజర్వ్ జట్టుకు రెండు మ్యాచ్‌లు ఆడాడు. బూట్లు లేకుండా, కాళ్లకు కట్లు కట్టుకుని. అప్పుడు మేనేజర్ ఈయనే కదా?

పాత స్కోర్‌బుక్
సోమవారం, మధ్యాహ్నం 3:52

ఈయనే. సలీం మీద విడిగా చర్చ పెట్టండి, అది రెండు మ్యాచ్‌ల కెరీర్. ఇక్కడ కలిపితే దారి తప్పుతుంది.

సింగరేణి బిడ్డ
సోమవారం, సాయంత్రం 6:30

అక్కా, అంత్యక్రియల గురించి రాయలేదు. సమాధి చూసొచ్చిన అన్నరు కదా.

కిర్కాడీ కారం
సోమవారం, రాత్రి 9:20

రాస్తా. శవపేటిక గ్లాస్గో క్వీన్ స్ట్రీట్ స్టేషన్ నుంచి రైల్లో బయల్దేరింది. స్టేషన్ దగ్గరే దాదాపు 20,000 మంది చేరారు. సెప్టెంబర్ 9న కార్డెండెన్‌లో అంత్యక్రియలు. గనులు తప్ప ఇంకేం లేని ఆ చిన్న ఊరికి వచ్చింది 30,000 మందికి పైనే. 1931 అంటే ఆర్థిక మాంద్యం, పనిలేని జనం. రైలు టికెట్‌కు డబ్బుల్లేక చాలామంది గ్లాస్గో నుంచి 55 మైళ్లు నడిచి వచ్చారు. రాత్రి ఊరి వెనక గుట్టల మీదే పడుకున్నారట. ఇంటి నుంచి శ్మశానం దాకా మైలు దూరం ఆరుగురు సెల్టిక్ ఆటగాళ్లు పేటికను మోశారు. పైన స్కాట్లాండ్‌కు ఆడినందుకు అతనికిచ్చిన టోపీ ఒకటి, ఖాళీ గోల్‌పోస్ట్ ఆకారంలో కట్టిన పూలు.

ఇంకో విషయం, సింగరేణి తమ్ముడికి. ఏడు వారాల తర్వాత, అక్టోబర్ 31న అదే బౌహిల్ గనిలో పేలుడు జరిగి పదిమంది కార్మికులు పోయారు. మా వీధిలో ఉండే ఓ పెద్దాయన వాళ్ల నాన్న అదే గనిలో పనిచేశాడట. ఆ ఏడాది గురించి అడిగితే తండ్రి ఒక్కోసారి జాన్ గురించి చెప్పేవాడట, ఒక్కోసారి పేలుడు గురించి. రెండూ ఒకేరోజు చెప్పడం తను ఎప్పుడూ వినలేదన్నాడు.

సింగరేణి బిడ్డ
సోమవారం, రాత్రి 9:48

మా నాన్నకు చదివి వినిపించిన అక్కా. మొత్తం విని ఒకటే అడిగిండు, ఆ పదిమంది పేర్లు ఎక్కడన్న రాసి పెట్టిన్రా అని.

కిర్కాడీ కారం
సోమవారం, రాత్రి 9:55

మంచి ప్రశ్న అడిగారు నాన్నగారు. నేను జాన్ సమాధి ఒక్కటే చూసి వెనక్కి వచ్చేశాను. ఈసారి వెళ్లినప్పుడు వెతుకుతా.

ఆఫ్‌సైడ్ ఆనంద్
సోమవారం, రాత్రి 10:12

అక్కా, వెళ్లేటప్పుడు చెప్పండి, నేనూ వస్తా. మా వాడు కూడా వస్తానంటున్నాడు. గ్లాస్గో నుంచి ఎలా రావాలి?

కిర్కాడీ కారం
సోమవారం, రాత్రి 10:20

ఎడిన్‌బరా వచ్చి అక్కడ ఫైఫ్ సర్కిల్ రైలెక్కండి. ఫోర్త్ బ్రిడ్జ్ దాటుతుంది, కిటికీ పక్కన కూర్చోండి. కార్డెండెన్‌లోనే స్టేషన్ ఉంది, అక్కణ్నుంచి నడకే. వచ్చే ఆదివారం నాకు సెలవు. పులిహోర నేను తెస్తా. గొడుగు మర్చిపోకండి.